రాడికల్ బతికే ఉన్నాడంట

నరసరావుపేట దాటి బస్సు అద్దంకి రోడ్డెక్కేసరికి బాలసరస్వతి ఒళ్ళో ఉన్న టిఫిన్ క్యారియర్‌ని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. చూసేవాళ్ళకి అందులో పులిహోరో దద్దోజనమో ఉందనిపిస్తుంది. పక్క సీట్లో పెద్దావిడ అప్పటికే ఆ గిన్నెల వంక ఆశగా చూసింది కూడా. పై గిన్నెలో తడి తుండుగుడ్డ, గుడ్డలో దూది, దూదిలో చిటికెన వేలంత గాజు గొట్టం. గొట్టం మూతి మంటలో కరిగించి మూసేశారు. లోపల ఆకుపచ్చ ద్రావణం. పొద్దున గుంటూరులో చూసుకుంది, ఆకుపచ్చగానే ఉంది. పేట బస్టాండులో పెద్దావిడ ఎక్కకముందు కొంగు చాటున మళ్ళీ చూసుకుంది, ఆకుపచ్చే. ఇక దిగేదాకా చూడకూడదని ఒట్టు పెట్టుకుంది. పదేపదే చూస్తే దిష్టి తగులుతుందని భయం. కెమిస్ట్రీ చదివినవాళ్ళు ఇలాంటివి పైకి ఒప్పుకోరు గానీ వాళ్ళకీ ఉంటాయి. ఇంకో గంటలో అంకమ్మరావు ఊరు వస్తుంది. ఈ గంటలో మాటలు కూడబలుక్కోవాలి. చెప్పాల్సినవి రెండు. ఒకటి నలుగురిలో చెప్పగలిగేది: నెలాఖరులోగా వచ్చి చేరకపోతే రిసెర్చి స్కాలర్లలోంచి మీ పేరు కొట్టేస్తారట, రండి. రెండోది ఆ నలుగురూ లేకపోయినా చెప్పలేనిది. ఇన్నాళ్ళూ తనకి తను కూడా దాన్ని పూర్తి వాక్యంగా చెప్పుకోలేదు. సగం దాకా వచ్చి, ఏ బ్యూరెట్టో కడగాల్సి ఉందని గుర్తు తెచ్చుకునేది.

టికెట్లు కొట్టుకుంటూ కండక్టరు మీరావలి వచ్చాడు. ఆమెను చూసి అతని చెయ్యి సంచీలోనే ఆగిపోయింది.

"బాగున్నారా అమ్మా? కబురేం లేదుగా?"

"లేదండీ. నేనే వెళ్తున్నా."

"అదే మంచిది. నేను కబుర్లు మొయ్యడం మానేశానమ్మా. సామానిస్తే తీసుకుంటా. సామాను నోరిప్పదు."

పాపం, అతని తప్పేముంది. ఆ దారి పొడుగునా కబుర్లు బస్సుల మీదే నడిచేవి. ఫలానావాళ్ళ కోడలు ప్రసవించింది, ఫలానావాళ్ళ గేదె దొరికింది అని కండక్టరు ఫుట్‌బోర్డు మీంచి ఓ కేకేస్తే, టీ బంకు దగ్గరున్నవాళ్ళు అందుకుని ఇంటికి చేరేసేవాళ్ళు. నిరుడు వానలప్పుడు అంకమ్మరావు మిరప తోటకి మందు కొట్టాలని ఊరెళ్ళాడు. అతను లేని ఆ నాలుగు రోజుల్లోనే, అంతకుముందెప్పుడూ సాయంత్రానికల్లా రంగు విరిగిపోయే ద్రావణం తెల్లారేదాకా నిలబడింది. సరస్వతికి కాళ్ళు నేల మీద ఆనలేదు. జుట్టైనా ముడేసుకోకుండా బస్టాండుకి పరిగెత్తి, కదులుతున్న బస్సు కిటికీ పట్టుకుని మీరావలికి చెప్పింది: అంకమ్మరావు గారికి చెప్పండి, రాడికల్ బతికే ఉంది, గాలి తగలకుండా దాచాం, వెంటనే రమ్మనండి. మీరావలి మర్యాద తెలిసినవాడు. బతికున్న మనిషిని పట్టుకుని ఉంది అనడమేమిటి, తొందరలో నోరు జారి ఉంటుందనుకున్నాడు, దారిలో దిద్దుకున్నాడు. ఊళ్ళో బస్సాగగానే ఫుట్‌బోర్డు మీద నిలబడి, "ఒరేయ్, అంకమ్మరావుకి చెప్పండ్రా! రాడికల్ బతికే ఉన్నాడంట! యూనివర్సిటీలో దాచారంట! అర్జంటుగా రమ్మన్నారంట!" అని కేకేశాడు. ఉంది కాస్తా ఉన్నాడైంది. పేపరు చదివే ఎవరికైనా ఆ రోజుల్లో రాడికల్ అంటే అడవిలో తుపాకీ పట్టుకు తిరిగే కుర్రాడు, పోలీసులు వెతుకుతున్నవాడు. ఒక్క 'డు'తో వస్తువు మనిషైపోయింది. దీపాలు పెట్టే వేళకి అంకమ్మరావు ఇంటి ముందు జీపు ఆగింది.

పక్కావిడ తుమ్మింది. వెనక సీటాయన తుమ్మాడు. మిరప కల్లాలు మొదలయ్యాయన్నమాట. రోడ్డుకి అటూ ఇటూ కనుచూపు మేరా ఎరుపు, మధ్య మధ్య కాయ ఏరుతున్న ఆడవాళ్ళ తలగుడ్డలు, ఆ వెనక పత్తి తీసేసిన మోళ్ళు, ఎడంపక్క దూరంగా కోటప్పకొండ. పత్తి బళ్ళు వెళ్ళిన దారిలో తుమ్మ ముళ్ళకి దూది పీచులు వేలాడుతున్నాయి. సరస్వతికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మిరప ఘాటుకే. ఘాటుకే అని రెండుసార్లు అనుకుంది. ఈ ఎరుపులోంచే అంకమ్మరావు ల్యాబుకి వచ్చాడు, చొక్కా జేబులో గింజలతో, మొదటి రోజే గురువుగారు రామచంద్రమూర్తి గారి బల్ల మీద తుమ్మి. నవ్వాపుకోలేక ఆమె వరండాలోకి పారిపోయింది. తర్వాత ఎప్పుడో అతను అడిగాడు, ఆ రోజు మీరు నవ్వింది నన్ను చూసేనా అండీ అని. కాదండీ అని అబద్ధమాడింది. అబద్ధం కాబట్టి అతను నమ్మలేదు, నమ్మనందుకు ఆమెకి సంతోషంగా ఉండింది.

ఎలక్ట్రాన్లు జంటలుగా ఉంటాయి. ఏదైనా అణువులో ఒకటి జత లేకుండా మిగిలిపోతే ఆ అణువే రాడికల్. అలాంటిదానికి నిలకడ ఉండదు. ఎదురొచ్చిన రెండో రాడికల్‌తో కలిసిపోతుంది, గాలిలో ఆక్సిజన్ని పట్టుకుంటుంది, పొద్దున్న ఉన్నది సాయంత్రానికి ఉండదు. అది నిలబడాలి, నిలబడి తన ఒంటి ఎలక్ట్రాన్ని పక్క అణువుకి దానమివ్వాలి, అలా ఒకటి ఇంకోదానికిస్తూ పోతే లోహం అన్నది లేకుండానే కరెంటు పారాలి. వీళ్ళు కలగన్నది అది. తెలుగు పుస్తకాల్లో దీన్ని స్వేచ్ఛా ప్రాతిపదిక అంటారని నాన్నకి చెబితే, తెలుగు పండితుడు జానకిరామయ్య గారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, ప్రాతిపదికంటే విభక్తి చేరని మాటమ్మా, విభక్తి చేరందే అది వాక్యంలోకి రాదు, దానికి స్వేచ్ఛెక్కడిదే పిచ్చిదానా అన్నాడు. అని ఊరుకోకుండా ఆమె మొహంలోకి చూశాడు. ఆయనకేం తెలుసో ఏం తెలియదో. ఇరవయ్యెనిమిదేళ్ళ కూతురు పెళ్ళి మాటెత్తితే ల్యాబు పనంటుందని మాత్రం తెలుసు.

రామచంద్రమూర్తి గారి దారి కంచె దారి. జత లేని ఎలక్ట్రాన్ ఉన్న చోటుకి చుట్టూ లావుపాటి పరమాణువుల గుంపులు తగిలించు, ఎవరూ దగ్గరికి రాలేరు, అది బతుకుతుంది. బతికింది కూడా. రెండేళ్ళు కష్టపడి సరస్వతి చేసిన మొదటి రాడికల్ సీసాలో నెలల తరబడి నిక్షేపంగా కూర్చుంది, కానీ ఎవరికీ ఏమీ ఇవ్వలేదు. ఎంత మంచి గ్రహీతని పక్కన పెట్టినా సరే. దగ్గరికి రానిస్తేగా ఇచ్చేది. "ఇది మడి కట్టుకుందండీ" అన్నాడు అంకమ్మరావు. గురువుగారి ముందే అన్నాడు. ఆమె మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు అతను ఊరినించి ఒక కాయితం పొట్లంలో మిరపకాయలు తెచ్చి బల్ల మీద పోశాడు. "కుప్ప పోస్తే మగ్గిపోద్దండీ, నల్లబడిపోద్ది. పల్చగా పరిస్తే ఆరుద్ది. కంచె ఎందుకండీ, ఆ ఎలక్ట్రాన్ని ఒక్కచోట కూర్చోనివ్వకుండా మూడు బెంజీన్ ఉంగరాల మీదా పరిచేద్దాం. ఎక్కడ చూసినా కొంచెమే ఉంటే ఎవడొచ్చి పట్టుకుంటాడు?" అతను వేళ్ళతో కాయల్ని పరుస్తున్నాడు. ఆమె ఆ వేళ్ళని చూసింది. గోళ్ళ చివర పురుగుమందు పసుపు. అణువు సంగతి ఆమెకి ఆ రాత్రి పడుకున్నాక గాని అర్థం కాలేదు. వేళ్ళ సంగతి అప్పుడే అర్థమైంది.

దాత, గ్రహీత అన్న మాటలతో అతను ఎంత ఏడిపించేవాడు. మీ తాతగారు పౌరోహిత్యానికి మా ఊళ్ళ మీదికి వచ్చేవారట గదండీ, మా ధాన్యం మీ సంచిలో పడ్డదే, మేం దాతలం, మీరు గ్రహీతలు, కాబట్టి ఈ రాడికల్ది మా కులం అనేవాడు. ఆమె నవ్వుతూనే పిపెట్టు చూపించి బెదిరించేది. ఇంటికెళ్ళాక మాత్రం నవ్వొచ్చేది కాదు. కులం మాట వేళాకోళంలోనైనా బల్ల మీదికి వచ్చిందంటే అతనూ ఆలోచించాడన్నమాట. ఎందుకు ఆలోచించాడు? ఏ పనీ లేకుండా ఎవరైనా ఆ లెక్క చూసుకుంటారా? ఒక్కోసారి చూసుకుంటారు. అంకమ్మరావు దేన్నైనా వేళాకోళం చేస్తాడు. ఇలా ఒక మాటని పట్టుకుని తిప్పి తిప్పి చూడడంతోనే ఎన్ని రాత్రులు గడిచాయో.

బస్సు సాగర్ కాలవ వంతెనెక్కింది. నీళ్ళు అడుగున పారుతున్నాయి, చివరి తడి కాబోలు. టిఫిన్ క్యారియర్ వేడిగా తగులుతోంది. తుండుగుడ్డ ఆరిపోయి ఉంటుంది, తీసి తడపాలి, తీస్తే కనబడుతుంది, ఒట్టు పెట్టుకుంది. టోలీన్ ఉంటే బావుండేది. స్టోర్సులో అయిపోయింది, ఇండెంటు పెడితే ఎప్పటికొస్తుందో, చేతికందిన క్లోరోఫామ్‌లో కరిగించింది. నెలాఖరు ఆగదు గదా.

జీపు తీసుకెళ్ళాక అతన్ని ఎక్కడుంచారో ఎవరికీ తెలియలేదు. రామచంద్రమూర్తి గారు కండువా సర్దుకుంటూ ఆ ఆఫీసూ ఈ ఆఫీసూ తిరిగి, అయ్యా మా రాడికల్ సీసాలో ఉంటుంది, కావాలంటే వచ్చి చూసుకోండి అని చెప్పుకున్నారు. చివరికి వదిలింది మాత్రం ఆయన మాట మీద కాదు. అంకమ్మరావు తండ్రి యలమందయ్య ఠాణా మెట్ల మీద తలగుడ్డ తీసి చేత పట్టుకుని, నా కొడుకు ఇక ఆ యూనివర్సిటీ మొహం చూడడు, నాది పూచీ, అన్నాక వదిలారు. తర్వాత ట్రంకుపెట్టె తీసుకెళ్ళడానికి అంకమ్మరావు ఒక్కసారి ల్యాబుకి వచ్చాడు. బల్లకి అవతల నిలబడి ఆ కథంతా నవ్వుతూ చెప్పాడు. "ఎస్సై గారికి మన అణువు బొమ్మ గీసి చూపించానండీ. బెంజీన్ ఉంగరాలు చూసి, ఆరు మూలలున్నయ్ గదరా, ఏ మూలన దాచారు అన్నాడు." ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే, కొట్టారా అని అడిగింది. అతను పెట్టె తాళం సరిచూసుకోసాగాడు. తాళం సరిగ్గానే ఉంది. ఆ తర్వాత వస్తానండీ అన్నాడు. వెళ్తున్నవాళ్ళు వస్తానని ఎందుకంటారో, ఈ భాషలో వెళ్తాను అంటే అశుభమట. ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె ఉగాది దాకా ఎదురుచూసింది, ఎండాకాలం దాకా చూసింది, మళ్ళీ వానలు వచ్చి పోయి మళ్ళీ మిరప కోతకొచ్చింది. సీసాల మీద అతని అక్షరాలున్న చీటీలు వెలిసిపోతుంటే వాటిమీద ఇంకు తిరగదిద్దలేదు, కొత్తవి రాయలేదు. మూడు ఉంగరాల అణువుని అతను గీసిన తీరులోనే, అతను అనుకున్న వరసలోనే, తప్పుతూ, మళ్ళీ మొదలుపెడుతూ, కిందటి వారం చేసింది. ఆ ఆకుపచ్చ మొదట కనిపించినప్పుడు గదిలో ఎవరూ లేరు. సంతోషం వచ్చింది గానీ అది ఎవరికి చెప్పాలో తెలియక ఆమె అక్కడే స్టూలు మీద కూర్చుని ఏడ్చింది. సంతోషంతో ఏడ్చాననుకుంటే సరిపోయేది. కానీ కాదు. ఆమెకి అతను కావాలి. రాడికల్ నిలబడ్డా పడిపోయినా, అది కరెంటు పారించినా పారించకపోయినా, బల్లకి అవతల అతను కావాలి, పొద్దున లేచేసరికి అతను కావాలి, అతని తుమ్ములు కావాలి. ఇదిగో, వాక్యం పూర్తయింది. బస్సులో, తుమ్మే జనం మధ్య, ఒళ్ళో వేడి గిన్నెలతో. పక్కావిడ, ఏమ్మా నీక్కూడా ఘాటు కొట్టిందా అంది. కొట్టిందండీ అంది సరస్వతి.

మీరావలి బస్సు ఆపించి తనే ముందు దిగి క్యారియర్ అందుకున్నాడు. టీ బంకు వైపు చూసి ఏమీ అరవలేదు. కల్లం ఎటో చేత్తో చూపించి, గొంతు తగ్గించి, "నడిచెళ్ళమ్మా, దగ్గరే" అన్నాడు.

అంకమ్మరావు తలకి తువ్వాలు చుట్టుకుని మిరపకాయల మధ్య పాదాలు ఈడుస్తూ కాయ తిరగేస్తున్నాడు. నల్లబడ్డాడు. చివరన చింత కింద వాళ్ళమ్మ పున్నమ్మ, ఇంకొందరు ఆడవాళ్ళు తాలుకాయ ఏరుతున్నారు. అతను తలెత్తి చూసి, కాయల మీంచి గబగబా గట్టు దాకా వచ్చాడు.

"మీరా! ఒక్కరే వచ్చారా అండీ? సారుకి ఒంట్లో బాగుందా?"

"బాగానే ఉన్నారండీ." దారంతా కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ రాలేదు. క్యారియర్ మూత తీసింది. దూది విప్పింది. లోపల పసుపు. కడిగిన పసుపుకొమ్ము రంగు. "పొద్దున ఆకుపచ్చగా ఉందండీ. పేటలో కూడా ఉంది. మీకు చూపించాలని... చచ్చిపోయింది."

అతను గొట్టం తీసుకుని ఆకాశానికి ఎత్తి చూశాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. కాయ మట్టి అంటిన ఆ వేళ్ళు నెమ్మదిగా గొట్టాన్ని బిగించి పట్టుకున్నాయి.

"చావలేదండీ. చస్తే రంగే ఉండదు. దేంట్లో కరిగించారు?"

"క్లోరోఫామ్‌లో. టోలీన్ లేదు."

అతను కల్లం గట్టు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. ఠాణా కథ చెప్పినప్పటి నవ్వు కాదు ఇది, అంతకుముందుది. "ఇచ్చేసిందండీ! ఎలక్ట్రాన్ని క్లోరోఫామ్‌కి ఇచ్చేసి కూర్చుంది. బస్సు వేడికి ఆగలేకపోయింది. ఎవరూ పుచ్చుకోననే చోట కూడా ఇచ్చిందంటే ఇంతకంటే దాత ఎక్కడ దొరుకుతుందండీ? ఆకుపచ్చది ఇచ్చేముందు, పసుపుది ఇచ్చాక. పోయిందేం లేదు. టోలీన్‌లో పెట్టి, సరైన గ్రహీతని పక్కన పెట్టండి, చాలు."

తనకి తట్టాల్సిన సంగతే. కిందటేడాది ఆమె పిల్లలకి పాఠం చెప్పిన సంగతే. కానీ ఆమె పాఠం కోసం వచ్చిందా? మొదటి మాట గబగబా చెప్పేసింది, ఇంకెక్కడ మిగిలిపోతుందోనని. "నెలాఖరులోగా వచ్చి చేరండి. లేకపోతే పేరు కొట్టేస్తారట."

అతని నవ్వు ఆగింది. తాలుకాయ ఏరుతున్న తల్లి వైపు, అవతల చేలో వంగి ఉన్న తండ్రి వీపు వైపు చూశాడు. "నాన్న తలగుడ్డ తీసి మాటిచ్చాడండీ. ఆ మాట మీద బయటికొచ్చాను. ఆయనుండగా నేనా గేటు దాటను. చేసింది మీరు, మీరే రాయండి." గొట్టాన్ని దూదిలో పెట్టి, గుడ్డ చుట్టి, గిన్నెలో సర్ది ఆమె చేతికిచ్చాడు. ల్యాబులో ఎలా ఇచ్చేవాడో అలాగే, రెండు చేతులతో.

అయిపోయింది. ఒకటి అయిపోయింది. బస్సు తిరిగొచ్చేదాకా ఇక మాటలేమీ లేవు. వానలెలా ఉన్నాయి, రేటెంత పలికింది, అమ్మగారు బాగున్నారా, ఇలాంటివి తప్ప. ఆమె క్యారియర్‌ని కల్లం గట్టు మీద పెట్టేసింది. చేతులు ఖాళీ అయ్యాక ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"నేను దీనికోసం రాలేదు," అంది. "మీ కోసం వచ్చాను. మీరు లేకుండా నాకు బాలేదు."

గొంతు పెద్దదైనట్టుంది. చింత కింద ఏరుతున్న చేతులు ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలాయి. అంకమ్మరావు లేచి నిలబడ్డాడు. కాయని పాదంతో అటు తోశాడు, అదే కాయని మళ్ళీ ఇటు తోశాడు. తల మీది తువ్వాలు విప్పి మొహం తుడుచుకున్నాడు, చాలాసేపు తుడుచుకున్నాడు. తర్వాత గట్టు మీది క్యారియర్ తీసుకుని, పక్కనున్న తాటాకు పాక వైపు నాలుగడుగులు వేసి, ఆమె వెంట రాలేదని చూసి వెనక్కి తిరిగాడు.

"ఎండలో నిలబడ్డావేంది? నీడకి రా."

ఒకే బల్లకి అటూ ఇటూ పనిచేసిన అన్నేళ్ళలో అతను ఆమెని ఏనాడూ నువ్వు అనలేదు. ఎండ నడినెత్తిన ఉంది, చెప్పుల కింద నేల కాలుతోంది, పాక నాలుగడుగుల దూరంలో ఉంది. సరస్వతి వినబడనట్టు అక్కడే నిలబడింది, ఇంకోసారి పిలుస్తాడని.